పక్కరాతలు

ఆ వానాకాలం మా ఇంట్లో ఒక ఉద్యోగం ఊడింది. నాదే. అరవై రెండేళ్ళ వయసులో, ఒకసారి రిటైరై, ప్రెస్సువాళ్ళిచ్చిన గోడ గడియారం చంకలో పెట్టుకుని ఇంటికొచ్చిన మనిషికి రెండోసారి ఉద్యోగం ఊడటమేమిటని నవ్వుకుంటారేమో. నవ్వండి. ఇప్పుడు నేనూ నవ్వుతున్నాను. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

నేను ముప్ఫై ఏళ్ళు ఒక ప్రెస్సులో కాపీ హోల్డరుగా పనిచేశాను. పేరు ఘనంగా ఉంటుంది గానీ పని ఇంతే. ప్రూఫ్‌రీడరు అచ్చయిన కాగితం పట్టుకుని కూర్చుంటాడు. ఎదురుగా నేను రచయిత రాసిన అసలు కాగితం, అంటే కాపీ, పట్టుకుని పైకి చదువుతాను. ఒక్క అక్షరం మింగకుండా, కామా వస్తే కామా అని, చుక్క వస్తే చుక్క అని, కొత్త పేరా వస్తే కొత్త పేరా అని. తేడా ఉంటే అతను దిద్దుకుంటాడు. మాకు రెండు నియమాలుండేవి. కాపీ మీద చెయ్యి వెయ్యకూడదు. అందులో ఎంత అడ్డమైన తప్పున్నా చదవాలే తప్ప దిద్దకూడదు. రెండోది, మార్జిన్లో రాసినవి చదవకూడదు. అవి రచయితకీ ఎడిటరుకీ మధ్య సంగతులు, మనకెందుకు? వాటిని మేము పక్కరాతలు అనేవాళ్ళం.

నేను రిటైరైన ఏడాదే మా అమ్మాయికి చూపు పోయింది. ఒక్కసారిగా కాదు, నెలనెలా కొంచెం కొంచెంగా. ఇప్పుడు దానికి వెలుగూ చీకటీ తెలుస్తాయి, ఎదురుగా మనిషి నిలబడితే నీడలా తెలుస్తుంది, అంతే. చిన్నప్పుడు దాని నోరు మూతపడేది కాదని అందరం పిట్ట అనేవాళ్ళం. ముప్ఫై ఒకటి వచ్చినా ఇంకా పిట్టే.

పిట్ట ప్రోగ్రాంలు రాస్తుంది. బస్టాపుల్లో ఏ నంబరు బస్సు ఎన్ని నిమిషాల్లో వస్తుందో చూపించే బోర్డులుంటాయి కదా, వాటిని నడిపించే ప్రోగ్రాం వాళ్ళ ఆఫీసుది. ఇంట్లోంచే పని. టైపు తనే చేసుకుంటుంది, దాని వేళ్ళకి కళ్ళతో పనిలేదు. చిక్కంతా చదువుకోవడంలోనే. ఫోనులో ఉత్తరాలూ వార్తలూ చదివి వినిపించే గొంతులున్నాయి గానీ, ఆఫీసువాళ్ళు అప్పుడెప్పుడో కొన్న ఎడిటరు ముందు ఆ గొంతులన్నీ చేతులెత్తేసేవి. ఎడిటరంటే మా ప్రెస్సులోలాగా సిగరెట్లు కాల్చే మనిషి కాదు, ప్రోగ్రాం రాసుకునే సాఫ్ట్‌వేరు. తెరనిండా రాత ఉన్నా సరే, ఆ గొంతు "ఖాళీ" అనేది. కిందికి జరిపితే మళ్ళీ "ఖాళీ". "దీని ఖాళీ తగలెయ్య!" అని పిట్ట బల్ల మీద కొట్టేది.

అందుకని ఆ చదివే పని నా నెత్తిన పడింది. రోజుకి ఐదారు గంటలు ఇద్దరం బల్ల ముందు పక్కపక్కనే కూర్చునేవాళ్ళం. నాకు ప్రోగ్రాం ముక్క అర్థం కాదు. కాకపోతే ఏం, ప్రెస్సులో చదివినవన్నీ అర్థమయ్యాయా? మెలికలు తిరిగిన బ్రాకెట్టుకి మీసమని, వరస మొదట్లో వదిలే ఖాళీకి అడుగులని పేరు పెట్టాం. "మీసం తెరు. నాలుగడుగులు లోపలికి. నిమిషాలు సమానం సున్నా, చుక్కకామా. మీసం ముయ్యి." ఇదీ మా పారాయణం. మా తమ్ముడు పైవాటాలో ఉంటాడు, ఇళ్ళకి కరెంటు వైరింగు చేస్తాడు. ఒకరోజు గుమ్మంలో నిలబడి కాసేపు విని, "ఏంటక్కా, ఇంట్లో సెలూనేమన్నా పెట్టారా?" అన్నాడు. పిట్ట పడీపడీ నవ్వింది.

మొదటిరోజే పిట్ట నాకొక మాట చెప్పింది. "రెండు వాలుగీతలతో మొదలై, బూడిదరంగులో ఉండే వరసలు చదవక్కర్లేదమ్మా. అవి ప్రోగ్రాం కాదు, నాకోసం నేను రాసుకున్న గుర్తులు."

అంటే పక్కరాతలన్నమాట. అది నాకు ప్రత్యేకంగా చెప్పాలా! బూడిదరంగు కనబడితే చాలు, నా కన్ను దానంతటదే కింది వరసలోకి జారిపోయేది. అలా నాలుగేళ్ళు జారింది.

ఒక్కసారి జారలేదు. అది కిందటేడు. మాట్లాడే బోర్డులని ఒక కొత్త పని వస్తుందని ఆఫీసులో అనుకుంటున్న రోజులు. బోర్డు చూపించడమే కాదు, ఫలానా నంబరు బస్సు ఫలానా చోటికి వెళ్తోందని పైకి చెప్తుంది. ఆ పని కోసం పిట్ట పడ్డ తపన ఇంతా అంతా కాదు. బస్టాపులో నిలబడి, తను రాసిన ప్రోగ్రాంతో వెలిగే బోర్డు కిందే నిలబడి, "ఏ బస్సండీ వచ్చింది?" అని పక్కవాళ్ళని అడగడం దానికి ఎంత చిన్నతనంగా ఉండేదో నాకు తెలుసు. ఒకసారి ఎవరో పెద్దమనిషి "బోర్డు చూసుకోవచ్చుగా అమ్మా" అన్నాడట. ఆ సాయంత్రం అది అన్నం ముందు నుంచి లేచిపోయింది.

"మాట్లాడే బోర్డు ఫైలు తెరిచారట. అందులో ఏముందో చూడమ్మా" అంది.

తెరిచాను. తెరంతా తెల్లగా ఉంది. పైన ఒక్కటంటే ఒక్క వరస. బూడిదరంగు. ఇంకేమీ లేకపోవడంతో కన్ను ఎక్కడికి జారుతుంది? చదివేశాను. ఇంగ్లీషులో ఉంది, మేడమ్ అన్నచోట ఆవిడ అని పెట్టి మన మాటల్లో చెప్తాను. "ఈ భాగం ఆవిడకి ఇవ్వకండి. అడిగినదానికి జవాబు రాదు, పని ఆగిపోతుంది." కింద వాళ్ళ పెద్దసారు పేరు.

 ఆ ఆఫీసులో మేడమ్ అంటే మా పిట్ట ఒక్కతే, మిగతా ఆడపిల్లలందరూ పేర్లతోనే పిలవబడే చిన్నవాళ్ళు. జవాబు రాకపోవడమేమిటి? మా పిట్ట ఫోను రెండోసారి మోగనివ్వదే! కుళ్ళుబోతు రాత అనుకున్నాను.

"ఏముందమ్మా?"

"ఏం లేదే. ఖాళీ" అన్నాను.

ఆ రోజు నుంచి బూడిదరంగు కనబడితే నా కన్ను జారడం కాదు, పారిపోయేది.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఆ వానాకాలం మొదట్లో ఒక శుక్రవారం పొద్దున్న పిట్ట వంటింటి గుమ్మం పట్టుకుని, "అమ్మా, కొత్త ఎడిటరొకటి విడుదలైంది. ఉచితం. ఎవరైనా దించుకోవచ్చు. అది చదువుతుందట!" అంది. దాని మొహం చూస్తే చిన్నప్పుడు సెలవులిచ్చిన రోజు గుర్తొచ్చింది.

"ఉచితమైతే అందులో ఏదో మెలికుంటుందే" అన్నాను, చేతిలో గరిటె అలాగే పట్టుకుని.

"మెలికా లేదు, మీసమూ లేదు. మామయ్యని పిలు."

మా తమ్ముడు వచ్చాడు. వాన పడితే మా ఇంటర్నెట్టు మూలుగుతుంది. మేడ మీద తీగ సరిచేసి, తడిసి ముద్దై దిగి, తల తుడుచుకుంటూ బల్ల దగ్గర కూలబడ్డాడు. గంటన్నర దిగింది ఆ సాఫ్ట్‌వేరు. తెర మీద కనబడినవన్నీ వాడు చదవడం, ఏది నొక్కాలో పిట్ట చెప్పడం. నేను వెనక నిలబడి చూస్తున్నాను. ఎప్పుడూ నేను కూర్చునే కుర్చీలో వాడు కూర్చున్నాడు.

"ఒప్పుకుంటున్నారా అని అడుగుతోంది ఇంజనీరమ్మా. నాలుగు పేజీలుంది. చదవమంటావా?"

"ఎవరైనా చదువుతారా మామయ్యా అది? ఒప్పుకున్నానని కొట్టు."

కొట్టాడు. ముందు ఒక పాత చిన్న ప్రోగ్రాం తెరిచింది పిట్ట, కాలేజీలో రాసుకున్నది. బాణం మీట నొక్కింది. నిదానంగా, ఏ రాగమూ లేని ఆడగొంతు ఒకటి వరస చదివింది. ఇంకోసారి నొక్కితే తర్వాతి వరస. నాలుగడుగులు లోపలికి వెళ్ళినప్పుడు మాటకి ముందు చిన్న గంట మోగింది. ఎనిమిదడుగులైతే కొంచెం పైస్థాయిలో మోగింది. కావాలని ఒక చోట తప్పు పెట్టి చూసింది, అక్కడికి రాగానే టక్కుమని తలుపు కొట్టిన చప్పుడు.

"అమ్మా, విన్నావా! తప్పెక్కడుందో చెప్తోంది! గంటలు విన్నావా?"

"విన్నానే. మీసాన్ని మీసం అనట్లేదుగా మరి" అన్నాను.

"నీ మొహం" అని నవ్వుతూ నా చెయ్యి తడుముకుని పట్టుకుంది. దాని కళ్ళలో నీళ్ళు. నాకూ వచ్చాయి, నావి మాత్రం వేరే రకం. ఎందుకంటే ఆ గొంతు పైనుంచి కిందికి వస్తూ, ఒక బూడిదరంగు వరసని కూడా చదివేసింది. వాలుగీత, వాలుగీత, అని. ఏదీ వదలడం లేదు.

"పక్కరాతలు కూడా చదువుతుందా ఇది?" అన్నాను, వీలైనంత మామూలుగా.

"అన్నీ చదువుతుందమ్మా. దీనికి నీకున్నంత మర్యాద లేదు" అంది పిట్ట. "సోమవారం నుంచి ఆఫీసు పని కూడా ఇందులోనే. మాట్లాడే బోర్డు ఎవరికిస్తారో వానలు తగ్గాక చెప్తారట. అప్పటికి నా వేగం చూడాలి వాళ్ళు."

ఆ మూడు రోజులూ నాకు తిన్నది ఒంటబట్టలేదు. సోమవారం పొద్దున్న ఆ గొంతు, ఏ రాగమూ లేకుండా, నా బిడ్డ చెవిలో ఆ మాట చదువుతుంది. ఏడాది పాటు నేను దాచిన మాట. అది విన్నాక దానికి ఆ పని మీద ఆశ ఉంటుందా? నా మీద నమ్మకం ఉంటుందా? ముందే చెప్పేద్దామని రెండుసార్లు దాని పక్కన కూర్చున్నాను. ఒకసారి వాతావరణం గురించి మాట్లాడి లేచొచ్చాను, ఇంకోసారి చిరిగిన దుప్పటి గురించి.

ఆదివారం మధ్యాహ్నం మామా మేనకోడళ్ళు హెడ్‌ఫోన్లు కొనుక్కోవడానికి బజారుకెళ్ళారు. ఇంట్లో నేనొక్కదాన్నే. అప్పటికే ఆఫీసు ఫైళ్ళన్నీ కొత్త ఎడిటర్లోకి చేర్చి ఉంచింది పిట్ట. నాలుగేళ్ళు పక్కన కూర్చున్నదాన్ని, ఫైలు తెరవడం నాకు రాకపోతుందా. మాట్లాడే బోర్డు తెరిచాను. ఆ వరస అక్కడే ఉంది, రాసినవాడికి నిద్రపట్టిందో లేదో గానీ అది మాత్రం హాయిగా కూర్చుని ఉంది. ముప్ఫై ఏళ్ళలో కాపీ మీద పెన్సిలు గీత కూడా పెట్టని మనిషిని నేను. రచయితలు రాముడికి తల్లిని మార్చేసినా నోరెత్తకుండా చదివినదాన్ని.  అయినా నొక్కాను. వరస మాయమైంది. తెర నిజంగానే ఖాళీ అయింది. అబద్ధం నిజమైపోయిందనుకుని, లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగాను.

సోమవారం పొద్దున్న వాన సన్నగా పడుతోంది. కాఫీ పట్టుకెళ్ళేసరికి పిట్ట కొత్త హెడ్‌ఫోన్లు మెడలో వేసుకుని కూర్చుని ఉంది. చెవులకి పెట్టుకోలేదు. "నువ్వూ వినాలని గొంతు పైకి పెట్టానమ్మా. కూర్చో" అంది. కూర్చున్నాను.

మీట నొక్కింది. ఆ గొంతు శుభ్రంగా గొంతు సవరించుకున్నట్టు ఒక చిన్న గంట కొట్టి చెప్పింది. "శుక్రవారం తర్వాత ఒక మార్పు. మాట్లాడే బోర్డు. ఒక వరస తీసివేయబడింది. తీసివేసిన వరస." ఆగింది. చదివింది. ఈ భాగం ఆవిడకి ఇవ్వకండి. అడిగినదానికి జవాబు రాదు, పని ఆగిపోతుంది.

ఎడిటరు అనేది తీసేసినదాన్ని కూడా గుర్తుపెట్టుకుంటుందని నాకేం తెలుసు? ఆ వరస అలాగే వదిలేసి ఉంటే, పిట్ట ఆ ఫైలు దగ్గరికి ఎప్పుడు వెళ్ళేదో ఏమో. తీసినందువల్ల అదే అన్నిటికంటే ముందు వినబడింది.

 పిట్ట మళ్ళీ మీట నొక్కింది. మళ్ళీ విన్నది.

"నిన్న మేము బజారుకెళ్ళినప్పుడు ఇక్కడెవరు కూర్చున్నారమ్మా?"

"నేనే."

"ఎన్నాళ్ళ నుంచి ఉంది ఈ వరస?"

"కిందటేడు నుంచి."

"నేను ఏముందని అడిగితే ఖాళీ అన్నావు."

"అన్నానే."

"ఇంకా ఎన్ని ఉన్నాయి ఇలాంటివి?"

"నాకు తెలీదు తల్లీ, ఒట్టు. నేనెప్పుడూ చూడలేదు. పక్కరాతలు చదవొద్దని నువ్వే కదా…"

"సరే" అంది. కాఫీ కప్పు కోసం తడిమి, దొరికాక దూరంగా జరిపింది. మెడలో ఉన్న హెడ్‌ఫోన్లు తీసి చెవులకి పెట్టుకుంది.

ఆ రోజంతా ఆ గదిలోంచి బాణం మీట చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. నేను వంట చేశాను, బట్టలు లోపలా బయటా ఆరేశాను, మళ్ళీ తీశాను. సాయంత్రం నాలుగింటికి అది బయటికొచ్చింది. గోడ పట్టుకోకుండానే నేరుగా నా దగ్గరికి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"మొత్తం డెబ్భై ఒకటి ఉన్నాయమ్మా. నలభై ఒకటి నావి. మిగతా ముప్ఫై నాకు రాసినవి."

"ఏమని?"

"ప్రశ్నలు. ప్రోగ్రాంలో ఏ చోట సందేహమొస్తే ఆ చోటే పక్కన రాసి అడగడం మొదలుపెట్టారట, రెండేళ్ళయింది. నా అంతట నేను ఆఫీసులో ఎవరికీ ఫోను చెయ్యను కదా, నాకెవరూ చెప్పలేదు. తెలుసనుకున్నారు. కొత్తగా చేరిన ఒకమ్మాయి, ఇక్కడ నిమిషాలని ఎందుకు పైకి సవరించారు, చెప్తే నేర్చుకుంటాను, అని రాసింది. వారం తర్వాత మళ్ళీ రాసింది. నెల తర్వాత…" పిట్ట ఆ మాట మళ్ళీ మొదలుపెట్టింది. "నెల తర్వాత అదే చోట, 'ఉన్నారా?' అని రాసిందమ్మా. ఉన్నారా అని. నేను ఇక్కడే ఉన్నాను కదా."

 అడిగినదానికి జవాబు రాదు. ఆ పెద్దమనిషి కుళ్ళుబోతు కాదు, ఉన్నమాట రాశాడు. ముప్ఫైసార్లు నా బిడ్డని ఎవరో పిలిచారు. ముప్ఫైసార్లూ నేను మధ్యలో నిలబడి, దాని తరఫున మూగనోము పట్టాను.

"తప్పు చేశానే పిట్టా."

"తెలుసమ్మా."

"నువ్వు బాధపడతావని, నిన్ను కాపాడుకుందామని…"

"దేన్నుంచి? పని నుంచా?" అంది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "కళ్ళకి గంతలు జబ్బు కట్టింది. దాన్ని ఏమీ అనలేను. చెవులకి కట్టింది నువ్వమ్మా." లేచి లోపలికి వెళ్ళింది.

తర్వాత పది పన్నెండు రోజులు మా ఇంట్లో గొడవేమీ లేదు. అదే నన్ను చంపింది. అన్నం పెట్టమ్మా, గొడుగెక్కడమ్మా, అంతే. నా కుర్చీ దాని పక్కనే ఉంది, నేను మాత్రం అందులో లేను. పొద్దున్నే పేపరు తీసుకుని గోడకేసి తిరిగి చదివేదాన్ని, కామాలూ చుక్కలూ పైకి చెప్తూ. అలవాటైన నోరు కదా, ఖాళీగా ఉండలేదు.

మా తమ్ముడు ఒకరోజు గోడకి మేకు కొట్టే వంకతో వచ్చి కూర్చున్నాడు.

"ఏంటక్కా, నువ్వేదో ఇల్లు దోచినట్టు ఆ మొహమేంటి?"

"దోచాననే అంటున్నాను రా."

వాడికి జరిగినదంతా తెలుసు, పిట్టే చెప్పింది. చేతిలో సుత్తి తిప్పాడు. "మా పనిలోనూ చేస్తారు ఇది" అన్నాడు. "గోడలో తీగ తెగితే ఇంటివాళ్ళకి చెప్పడానికి మొహమాటపడి, పైన టేపు చుట్టి ఊరుకుంటారు. ఇంటివాళ్ళేమో లైటు వెలగడం లేదని బల్బుని తిడతారు."

"నా పిల్లని బల్బు చేశానంటావా?"

"నేనేం అన్లేదు. మేకెక్కడ కొట్టాలి?"

"నా నెత్తిన కొట్టు" అన్నాను. వాడు నవ్వాడు. నేను ఏడ్చాను. వాడు సుత్తి పక్కన పెట్టి, ఏమీ అనకుండా, నేను ఆపేదాకా అక్కడే కూర్చున్నాడు. అంత నోరున్నవాడు అంతసేపు నోరు మూసుకోవడం అదే మొదటిసారి.

ఆ మర్నాడు పిట్ట వాళ్ళ పెద్దసారుకి ఫోను చేసింది. తలుపు ఓరగా ఉంది. వినకూడదనే అనుకున్నాను. అయినా విన్నాను.

"లేదండీ, గర్వం కాదు… నా చూపు సంగతి మీకు తెలుసు, కానీ నాకెవరు చదివి పెడతారో మీరెప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మా అమ్మ చదివేది… అవునండీ, రోజూ… పక్కన రాసినవి చదవొద్దని మొదట్లో నేనే చెప్పాను. అప్పట్లో అన్నీ నావే. తర్వాత ఆ మాట తీసెయ్యడం మర్చిపోయాను. తప్పు నాదండీ… లేదు లేదు, ఆవిడది కాదు."

ప్రతి మాటా నిజమే. నేను ఖాళీ అన్న సంగతి మాత్రం అది చెప్పలేదు. నాకోసం ఆ ఒక్క వరసా వదిలేసి చదివింది. తలుపు పక్కన గోడకి ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని, నేను అక్కడే నిలబడిపోయాను.

ఆ తర్వాత రోజూ గదిలోంచి టైపు చప్పుడే. ఆ కొత్త ఎడిటర్లో ఒక్కో ప్రశ్న దగ్గరికి వెళ్ళడం, గంట విని లోతు తెలుసుకోవడం, కింద జవాబు రాయడం. నిమిషాలని ఎందుకు పైకి సవరించారని అడిగిన అమ్మాయి రాత కిందే కాకుండా, ఆ పిల్లకి ఫోను కూడా చేసింది. మా పిట్ట పనివేళలో గట్టిగా నవ్వడం ఎన్నాళ్ళకి విన్నానో! "మరీ, బస్సు నిజంగా నాలుగున్నర నిమిషాల్లో వస్తుందనుకో. నాలుగని రాస్తే మనిషి తిట్టుకుంటాడు, ఐదని రాస్తే ముందే వచ్చిందని మురుస్తాడు. అంతే, దానికి పెద్ద లెక్కేమీ లేదు" అంటోంది. అవతలి పిల్ల కిలకిలా నవ్వడం నాక్కూడా వినబడింది.

కొత్త ఎడిటరుతో వేగం కూడా వచ్చింది దానికి. నాతో ఆరుగంటలు పట్టే పని మూడింటిలో అయిపోతోంది. మిగిలిన మధ్యాహ్నాలు ఒక్కత్తే గొడుగేసుకుని బస్టాపుదాకా వెళ్ళొచ్చేది. అక్కడ నిలబడి ఏ చప్పుడు ఎంత ఉంటుందో, బోర్డు ఎంత గట్టిగా మాట్లాడితే వినబడుతుందో ఫోనులో చెప్పుకుని దాచుకునేది. ఇంకా ఇస్తామని ఎవరూ అనని పనికి ఇన్ని ఏర్పాట్లా అనుకునేదాన్ని. నోరు తెరిచి అనలేదు. కాపాడటం మానేశాను కదా.

వానలు వెనకబట్టాయి. ఒక పొద్దున్న ఎండ చురుక్కుమని కిటికీలోంచి బల్ల మీద పడింది. నేను పేపరులో మూడో పేజీలో ఉన్నాను.

"అమ్మా, కళ్ళజోడు పెట్టుకుని ఇలా రా" అని కేకేసింది.

వెళ్ళాను. హెడ్‌ఫోన్లు బల్ల మీద చుట్టి పెట్టి ఉన్నాయి. నా కుర్చీ ఇవతలికి లాగి ఉంది.

"ఏం, నీ డబ్బాగొంతుకి జలుబు చేసిందా?"

"దానికేం, దుక్కలా ఉంది. ఇది మాత్రం నువ్వు చదవాలి. మాట్లాడే బోర్డు ఫైలు. పక్కరాతలతో సహా."

కూర్చున్నాను. కళ్ళజోడు తుడుచుకున్నాను. తెర మీద పైనే, నేను చేజేతులా తీసేసిన వరస, ఏమీ జరగనట్టు, మళ్ళీ తన చోట కూర్చుని ఉంది.

"ఇది మళ్ళీ ఎందుకు పెట్టావే?"

"కాపీ మీద చెయ్యి వెయ్యకూడదని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నువ్వే చెప్పావు. ఆయన రాసింది ఆయనది. చదువు."

ఏడాది కింద మింగేసిన మాట. నా నోటితో, దాని మొహం ముందు.  అది నావైపు చెవి పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ప్రెస్సులో ప్రూఫ్‌రీడరులా కదలకుండా కూర్చుంది. తప్పదని చదివాను.

"వాలుగీత, వాలుగీత. ఈ భాగం ఆవిడకి ఇవ్వకండి. చుక్క. అడిగినదానికి జవాబు రాదు. కామా. పని ఆగిపోతుంది. చుక్క."

"ఊఁ. తర్వాత?"

దాని కింద ఇంకో బూడిదరంగు వరస. పిట్ట పేరుంది.

"వాలుగీత, వాలుగీత. ముప్ఫై ప్రశ్నలకీ జవాబులు రాశాను. చుక్క. ఇప్పుడు ఇవ్వండి. చుక్క."

"తర్వాత?"

మూడో వరస ఉంది. కింద పెద్దసారు పేరు. నిన్న సాయంత్రం తేదీ. కళ్ళు ముందే చివరిదాకా చదివేశాయి, గొంతు వెనకే వచ్చింది.

"వాలుగీత, వాలుగీత. చదివాను. చుక్క. ఈ పని మీదే…"

అక్కడ ఆగిపోయాను. అక్షరాలు అలుక్కుపోయాయి. పిట్ట ఇంకా అలాగే చెవి పెట్టి కూర్చుని ఉంది. దానికి నిన్నటి నుంచే తెలుసు, ఆ డబ్బాగొంతు ఎప్పుడో చదివి పెట్టింది. అయినా నేను చదివేదాకా ఎవరికీ చెప్పకుండా దాచుకుంది.

"అమ్మా, చివర చుక్క ఉందా?"

"ఉందే."

"మింగేశావేం మరి?"

"ఆగవే, చదువుతున్నాను కదా" అన్నాను. కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, వరస మొదటికి వెళ్ళాను. "చదివాను. చుక్క. ఈ పని మీదే. చుక్క."